తాళంచెవి ఎవరి దగ్గర?

మన సంస్థ పనిమీద గడచిన శీతకాలంలో మేము సూరత్ నగరానికి వెళ్ళవలసి వచ్చింది. ఇక్కడినుండి బదిలీపై వెళ్ళి కొన్నేళ్ళుగా అక్కడే ఉంటున్న మిత్రులొకరు మమ్ము అతిథిగృహంలో దిగనివ్వక తమ ఇంటికే తీసుకువెళ్ళారు. సాయంకాలం ఇల్లు చేరేసరికి భోజనాల బల్ల మీద పళ్ళేలకు చోటు లేదు. బల్లనిండా డ్రాయింగు కాగితాలు, రంగు పెన్సిళ్ళు, అట్టముక్కలతో చేసిన ఒక చిన్న గది నమూనా. చుట్టూ ఐదుగురు విద్యార్థులు. మిత్రుల అమ్మాయి నగరంలోని ఒక కళాశాలలో ఆర్కిటెక్చర్ మూడవ సంవత్సరం చదువుతున్నది. మిగిలిన నలుగురిలో ఒకరు గుజరాతీ, ఒకరు మరాఠీ, ఒకరు ఒరియా, ఒకరు హిందీ మాట్లాడేవారు. సూరత్ నగరం మొత్తం ఆ బల్ల చుట్టూ కూర్చున్నట్లు తోచింది మాకు.

అది వారి బృంద ప్రాజెక్టు. ఒక పురపాలక ప్రాథమిక పాఠశాల ఆవరణలో 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల స్థలంలో పిల్లల మానసిక స్వస్థత కోసం ఒక చోటును రూపొందించవలెనని వారికిచ్చిన పని. వారి కాగితాల మీద దానిని ‘వెల్‌బీయింగ్ స్పేస్’ అని వ్రాసుకున్నారు. తెలుగులో ఏమనవచ్చునని అమ్మాయి మమ్ము అడిగింది. స్వస్థత అంటే తనలో తాను నిలిచి ఉండడం. కనుక పిల్లవాడు తనలో తాను కుదురుకునే గది అనుకోవచ్చునన్నాము. ‘ఊరట గది’ అంటే ఇంకా సులువుగా ఉంటుందని మిత్రుల శ్రీమతి వంటింట్లోనుండే సవరించారు. ఆ పేరే ఖాయమైంది.

నమూనా చూడముచ్చటగా ఉన్నది. గోడలపై కార్టూను బొమ్మలు, మూలన చేపల తొట్టి, మెత్తని దిండ్లు, ఒక చెక్క అటక, దానిమీదికి మెలికలు తిరిగిన చెక్క మెట్లు, కిటికీలకు సూరత్ మగ్గాల మీద నేసిన రంగురంగుల పాలియెస్టర్ తెరలు, గాలికి ఏసీ. మేము మనఃపూర్వకంగా మెచ్చుకున్నాము. కాని విద్యార్థుల ముఖాలలో ఉత్సాహం లేదు. కారణమేమని అడుగగా, ఆ రోజే వారి ఉపాధ్యాయుడు నమూనాను అటూ ఇటూ తిప్పి చూసి, ‘దీనిని గీసేముందు ఎంతమంది పిల్లలతో మాట్లాడారు?’ అని ఒకే ప్రశ్న వేశారట. ఒక్కరితోనూ మాట్లాడలేదు. మరునాడే పిల్లల దగ్గరకు వెళ్ళి రమ్మని పంపారు.

వెళ్ళవలసిన ప్రాంతం లింబాయత్. సూరత్‌తో పరిచయం లేని పాఠకుల కోసం ఇక్కడ రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. సూరత్ లక్షల మరమగ్గాల నగరం. ఆ మగ్గాలను నడపడానికి కరీంనగర్, వరంగల్లు, నల్గొండ ప్రాంతాలనుండి పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా వలస వెళ్ళాయి. లింబాయత్ పరిసరాలలో వీధికి వీధి తెలుగు వినిపిస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒరియా మాధ్యమాలతోపాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నదన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

మిత్రుల అమ్మాయి సూరత్‌లోనే పెరిగిన పిల్ల. ఆమె తెలుగులో సగం గుజరాతీ. నేతకార్మికుల పిల్లల తెలంగాణ యాస తనకు పూర్తిగా అర్థం కాదని భయపడింది. మేము ఉద్యోగపు తొలినాళ్ళలో రామగుండంలో ఉన్నవాళ్ళం గనుక, ‘బాబాయిగారూ, మీరూ రండి’ అని పట్టుపట్టింది. మా పని ఎలాగూ మధ్యాహ్నానికి ముగిసింది. బయలుదేరాము.

సందులోకి అడుగు పెట్టగానే మాకు మొదట తెలిసినది శబ్దం. మగ్గాల షెడ్డు లోపల శబ్దం మామూలుగానే 90 డెసిబెళ్ళు దాటుతుంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమావళి ప్రకారం నివాసప్రాంతాలలో పగటివేళ 55, రాత్రివేళ 45 డెసిబెళ్ళకు మించరాదు. షెడ్డుకూ ఇంటికీ నడుమ గోడ మాత్రమే అడ్డుగా ఉన్నచోట ఆ అంకెలు కాగితం మీదనే ఉంటాయి. పిల్లలకు అది అలవాటైపోయింది. మేము ఒకరితో ఒకరు అరుచుకుంటూ మాట్లాడుతుంటే వారు నవ్వారు.

ఉపాధ్యాయుడు ముందే ఒక సూచన చేసి పంపారట. ‘మీకేమి కావాలి?’ అని పిల్లలను అడగవద్దు. అడిగితే టీవీ అంటారు, ఉయ్యాల అంటారు, పక్కవాడు ఏది చెబితే అదే అంటారు. ‘కోపం వచ్చినప్పుడు ఎక్కడికి పోతావు? ఏడుపు వచ్చినప్పుడు ఎక్కడ కూర్చుంటావు?’ అని అడగవలెను. అలాగే అడిగారు. జవాబులు ఒకటొకటిగా వచ్చాయి. మెట్లకింద. మేడమీద నీళ్ళ ట్యాంకు వెనుక. గుడి అరుగు మీద. ఒక పిల్లవాడు ఏమీ చెప్పకుండా అక్కడున్న బల్ల కిందికి దూరి చూపించాడు. తొమ్మిదేళ్ళ బాలుడొకడు మాత్రం, ‘యాడికి పోను? మా నాయన రాత్రి డ్యూటీ చేసొచ్చి పొద్దంత పండుకుంటడు. లొల్లి చేస్తే అమ్మ కొడ్తది. బయట కూసుంట’ అన్నాడు.

ఆ మాట విన్న తరువాత విద్యార్థులు చాలాసేపు కాగితం మీద పెన్ను పెట్టలేదు. మగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు సర్వసాధారణం. ఇల్లంతా ఒకటే గది. రాత్రి పనిచేసినవారు పగలు నిద్రపోవాలి. కనుక ఆ ఇంట పిల్లలు పగటివేళ గొంతెత్తరాదు. బయటికి వస్తే వారి గొంతు మగ్గాల హోరులో వారికే వినిపించదు. ఈ పిల్లలకు కావలసినవి రెండు, అవి ఒకదానికొకటి వ్యతిరేకమైనవి. అరిచేందుకు ఒక చోటు, అరుపులు లేని మరొక చోటు. విద్యార్థుల మొదటి నమూనాలో ఈ రెండూ లేవు.

ఎనిమిదేళ్ళ బాలిక ఒకతె చంకన పసివాడిని ఎత్తుకుని అంతవరకూ దూరాన నిలబడి ఉన్నది. ఆమె అడిగింది: ‘అక్కా, మా తమ్ముణ్ణి గూడ తోల్కరావచ్చా? ఇంటికాడ వాణ్ణి ఎవలు పట్టుకుంటరు?’ చిన్నపిల్లల గదికి అంతకన్నా చిన్నపిల్లలు కూడా వస్తారన్న ఆలోచన ఐదుగురిలో ఎవరికీ రాలేదు. ఎలా వస్తుంది? వారి ఇళ్ళలో ఎనిమిదేళ్ళ పిల్ల తల్లి బాధ్యత మోయదు.

ఆ రాత్రి మిత్రుల ఇంట మళ్ళీ బల్ల నిండింది. ఇటువంటి ప్రయత్నాలు పూర్వం ఎవరు చేశారన్న చర్చ సాగింది. మేము చదివినవి కొన్ని మేమూ చెప్పాము, వారు చదివినవి వారూ చెప్పారు. పాఠకులతో వాటిని పంచుకొనుట సముచితమని భావిస్తున్నాము.

1907 జనవరి 6న రోము నగరంలోని సాన్ లొరెంజో అనే కార్మికవాడలో మరియా మాంటిస్సోరి తన తొలి శిశుగృహాన్ని తెరిచారు. దాని పుట్టుక చిత్రమైనది. తల్లిదండ్రులు పనికి వెళ్ళగా ఒంటరిగా మిగిలిన పిల్లలు కొత్తగా బాగుచేసిన గోడలను, మెట్లను పాడు చేస్తున్నారని ఆ భవనాల యజమానులు చింతించారు. పిల్లలను తరిమివేయలేదు, భవనంలోనే వారికొక గది ఇచ్చారు. ప్రపంచమంతటా వ్యాపించిన ఒక విద్యావిధానం ఆ గదిలో మొదలైంది. ఆ మాంటిస్సోరియే 1939లో మద్రాసుకు వచ్చి అడయారులో మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

గుజరాత్ గడ్డమీదనే గిజుభాయి బధేకా ఉన్నారు. న్యాయవాద వృత్తిని విడిచి ఉపాధ్యాయుడై, 1920లో భావనగర్‌లో బాలమందిరం స్థాపించారు. దండన లేని బడి ఆయన సంకల్పం. గుజరాతీలు ఆయనను ప్రేమతో ‘మీసాలున్న అమ్మ’ అని పిలుచుకున్నారు. హాలెండులో ఆల్డో వాన్ ఐక్ అనే వాస్తుశిల్పి 1947 మొదలుకొని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో, ఇళ్ళ నడుమ మిగిలిన ఖాళీజాగాలలో సైతం, ఏడువందలకు పైగా ఆటస్థలాలు రూపొందించారు. వాటిలో ఉన్నవి ఇసుక గుంట, కొన్ని రాతి దిమ్మెలు, లోహపు కమ్ములు, కూర్చునే బల్లలు, అంతే. మన ఇళ్ళ దగ్గరకు వస్తే, కేంద్రప్రభుత్వం 2020లో ప్రారంభించిన పసిపిల్లల పరిసరాల పోటీలో 2022 నాటికి చివరి పది నగరాలలో మన వరంగల్లు, కాకినాడ కూడా నిలిచాయి. వీటన్నిటిలోనూ ఖరీదైన వస్తువుకు పెద్ద స్థానం లేదు. పిల్లలు ఉన్న చోటికి గది వెళ్ళింది. గది ఉన్న చోటికి పిల్లలను రమ్మనలేదు.

మాటల మధ్య గుజరాతీ విద్యార్థి ఉన్నట్టుండి తమ నమూనాలోని చెక్క మెట్లను వేలితో చూపి మౌనం వహించాడు. మిగిలినవారికి కారణం అర్థమైంది. 2019 మే 24న సూరత్‌లోని సర్థానా ప్రాంతంలో తక్షశిల అనే వాణిజ్య భవనంలో మంటలు చెలరేగాయి. పై అంతస్తులో శిక్షణ తరగతులలో ఉన్న పిల్లలకు దిగేదారి లేకపోయింది. అనేకులు పైనుండి దూకారు. 22 మంది మరణించారు. ఈ విద్యార్థులు అప్పటికి బడిపిల్లలు. ఆ దృశ్యాలను టీవీలో చూసినవారే.

మాట్లాడకుండా ఆ అబ్బాయి చెక్క అటకనూ మెట్లనూ నమూనానుండి ఊడదీశాడు. పాలియెస్టర్ తెరలు కూడా పోయాయి. నిప్పంటుకుంటే ఆ గుడ్డ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ‘సూరత్ గదిలో సూరత్ గుడ్డ ఉండదా?’ అని ఒరియా అమ్మాయి కాస్త బాధపడింది. గోడమీద అద్దం వెనుక ఒక నేతముక్కను బిగిద్దామని సర్దిచెప్పుకున్నారు. నేలమీద నూలు జంపఖానాలు. ఎదురెదురుగా రెండు తలుపులు, రెండూ బయటికే తెరుచుకునేవి. కిటికీకి కమ్ములున్నా, ఒక కిటికీ మాత్రం లోపలినుండి పిల్లవాడు సైతం తీయగలిగేదై ఉండాలి. ఏ గదికైనా ఊరట అన్నది దిగేదారితోనే మొదలవుతుందని ఆ రాత్రి మాకు బోధపడింది.

సూరత్ తన తప్పులనుండి నేర్చుకొనుట ఇది మొదటిసారి కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది నగరాన్ని విడిచిపోయారు. 1995లో కమిషనరుగా వచ్చిన శ్రీ ఎస్.ఆర్. రావు హయాములో, రోజూ ఊడ్చి, రోజూ తనిఖీ చేసి, అధికారులను వీధుల్లో నడిపించి, 1996 నాటికి ఇంటాక్ సంస్థ పరిశీలనలో దేశంలో చండీగఢ్ తరువాత రెండవ పరిశుభ్ర నగరంగా నిలబెట్టారు. అక్కడ నేర్వవలసిన పాఠం ఒకటున్నది. నగరం మారినది ఒక కట్టడం వలన కాదు, ప్రతిదినం ఎవరో ఒకరు వచ్చి చేసిన పని వలన. ఈ సంగతి మరునాడు మరొకరి నోట విన్నాము.

మరునాడు విద్యార్థులు మార్చిన నమూనాను తీసుకుని మళ్ళీ లింబాయత్ వెళ్ళారు. మా రైలు రాత్రికి గనుక మేమూ తోడు వెళ్ళాము. ఈసారి గది రెండు భాగాలు. బయట వేపచెట్టు నీడన ఇసుక, నీళ్ళ కొళాయి, అరిచేందుకు, దూకేందుకు జాగా. లోపల నిశ్శబ్దపు గది. మగ్గాల వైపు కిటికీలు లేవు, మందపాటి ఇటుక గోడ ఉన్నది. ఆ గోడలోనే మూడు గూళ్ళు, ఒక్కొక్క దానిలో ఒక్క పిల్లవాడు ముడుచుకుని కూర్చోవచ్చును. బల్లకింద దూరిన బాలుడి జ్ఞాపకంగా వచ్చినవి అవి. అయితే గూటిలోని పిల్లవాడు పెద్దల కంటికి ఆనేలా వాటి నోరు గదివైపే ఉన్నది. దాక్కోవచ్చును గాని తప్పిపోరాదు. కిటికీ గట్టు ఆరేళ్ళ పిల్లకు మోచేయి ఆనేటంత ఎత్తు. పైకప్పు దూలానికి ఒక ఇనుప కొక్కెం. అదేమిటని చంకన తమ్ముడున్న బాలిక అడిగింది. ఉయ్యాల కట్టుకునేందుకని చెబితే ఆ కొక్కేన్ని వేలితో తాకి చూసింది. అది అట్టముక్కకు గుచ్చిన గుండుసూది మాత్రమే.

అప్పుడు, నిన్న ‘బయట కూసుంట’ అన్న బాలుడు ముందుకు వచ్చాడు. నమూనాను చుట్టూ తిరిగి చూశాడు. తలుపును వేలితో నెట్టి చూశాడు. ‘అక్కా, దీనికి తాళమేస్తరా? తాళంచెయ్యి ఎవల కాడ ఉంటది?’ అని అడిగాడు. మిత్రుల అమ్మాయి జవాబు కోసం మావైపు చూసింది. మా దగ్గరా లేదు. వాడే చెప్పాడు: ‘నేను ఇంతకుముందు చదివిన బళ్ళె ఒక మంచి రూము ఉండె. పెద్ద సార్లు వచ్చినప్పుడే తీస్తుండె.’

విద్యార్థులు ఇచ్చిన ప్రాజెక్టులో మొదట నాలుగు పటాలు ఉండవలసి ఉన్నది. ఐదవది ఈ బాలుడి ప్రశ్నకు జవాబుగా చేర్చారు. అందులో గీతలు లేవు, మాటలే. బడి విడిచిన తరువాత రెండు గంటలు గది తెరిచి ఉండాలి. తాళంచెవి బడి దగ్గర ఒకటి, వీధిలోని తల్లుల దగ్గర ఒకటి ఉండాలి. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, ఒంటరిగా ఒకరు ఉండరాదు. వారు పాఠం చెప్పరు, పరీక్ష పెట్టరు, పిల్లవాడు చెబితే వింటారు. తీవ్రమైన బాధ కనిపిస్తే వైద్యుని దగ్గరకు పంపుతారు. పిల్లల సహాయానికి 1098, మానసిక ఆరోగ్య సలహాకు ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ సంఖ్య 14416, తలుపు పక్కన పిల్లల కంటి ఎత్తులో వ్రాసి ఉండాలి.

ఈ చివరి మాట అనవసరమని ఎవరైనా అనుకోవచ్చును. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో నిర్వహించిన జాతీయ సర్వేలో పరిశీలించిన 13 నుండి 17 ఏళ్ళవారిలో సుమారు 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. ఊరట గది రుగ్మతను నయం చేయదు. కాని బాధ ఉన్నదన్న సంగతిని పెద్దవారొకరు సకాలంలో గమనించేందుకు అటువంటి చోటు ఒకటి కావాలి.

ఇంతవరకూ సూరత్ కథ. ఇక మన కథ చెప్పక తప్పదు.

తిరిగి వచ్చిన మరునాడు సాయంకాలం నడకకు వెళ్ళి, మన టౌన్‌షిప్పులోని పిల్లల క్లబ్బు గది ముందు నిలబడ్డాము. తలుపుకు తాళం. కిటికీలోనుండి చూస్తే సభలకు వాడే కుర్చీలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉన్నాయి. క్యారమ్ బల్ల గోడకు ఆనించి ఉన్నది. గేటు దగ్గర రోడ్డు అంచున నలుగురు పిల్లలు సెల్‌ఫోన్ చుట్టూ మూగి కూర్చున్నారు.

ఆ తాళం ఎప్పుడు పడినదో మాకు తెలుసు. కొన్నేళ్ళ క్రితం పిల్లల ఆటలో ఒక కిటికీ అద్దం పగిలింది. సంక్షేమ సంఘం సమావేశంలో, బాధ్యత వహించే పెద్దలు లేనందున గదిని తాత్కాలికంగా మూసి ఉంచవలెనని తీర్మానించారు. ఆ తీర్మానం క్రింద ఉన్న సంతకాలలో మాదీ ఒకటి. రోము నగరపు యజమానులు గోడలు పాడయినందుకు పిల్లలకు గది ఇచ్చారు. మేము ఒక అద్దం పగిలినందుకు ఉన్న గదిని మూసివేశాము. పెద్దలు లేరని వ్రాశామే గాని, ఆ పెద్దలలో మేమూ ఒకరమని ఆనాడు తోచలేదు.

ఆ వారమే సంఘానికి ఒక లేఖ ఇచ్చాము. మూడు సమావేశాల తరువాత అంగీకారం లభించింది. కుర్చీలకు వేరే చోటు చూశారు. అద్దం వేయించారు. ప్రస్తుతానికి మంగళ, గురు, శనివారాలలో సాయంకాలం 5 గంటలనుండి 7 వరకు గది తెరుస్తారు. రోజుకు ఇద్దరు పెద్దలు ఉండవలెనన్నది నిబంధన. వరుసలో పదవీవిరమణ చేసిన ఇద్దరు సహోద్యోగులు, నలుగురు గృహిణులు ఇప్పటికే పేర్లు ఇచ్చారు. శనివారానికి ఇంకా ఒకరు కావాలి. పేరు ఇవ్వదలచినవారు సంక్షేమ విభాగంలో తెలుపవచ్చును. అర్హత ఒక్కటే: రెండు గంటలపాటు సలహా ఇవ్వకుండా కూర్చోగలగాలి. మాకు అది ఇంకా పూర్తిగా అలవడలేదు.

సూరత్ అమ్మాయికి ఈ సంగతి వ్రాశాము. వారి ప్రాజెక్టుకు మంచి మార్కులు వచ్చాయట. గది ఇంకా కట్టలేదు. బడివారు నిధుల కోసం ప్రయత్నిస్తున్నారట. ఐదవ పటాన్ని మాత్రం లింబాయత్‌లోని తల్లులు ఇద్దరు అడిగి తీసుకున్నారని, గది లేకపోయినా గుడి అరుగు మీద రోజూ ఒక గంట కూర్చుంటున్నారని వ్రాసింది. చివరన ఒక ప్రశ్న: ‘బాబాయిగారూ, మీ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?’

మంగళవారం నాడు మా దగ్గర.